కప్పు కింద కులం: నల్లగొండ, పాలమూరు దళితవాడల్లో ఇల్లు – ఎండ – చరిత్ర

ఊరి చరిత్ర రాసేవాళ్లు గుడి గురించి రాస్తారు, గడీ గురించి రాస్తారు. చెరువు తవ్వించింది ఎవరో శాసనం వెతికి మరీ రాస్తారు. ఆ గడీ గోడకు మట్టి మోసినవాళ్లు పొద్దుగూకినంక ఏ కప్పు కిందికి పోయి పడుకున్నారన్నది మాత్రం ఆ చరిత్రల్లో కనపడదు. మా దృష్టిలో ఇది చిన్న విషయం కాదు. మనిషి పుట్టేది, తినేది, జబ్బుపడేది, చివరికి కన్నుమూసేది కప్పు కిందనే. ఆ కప్పును దేనితో వేసుకోవాలో, ఎంత ఎత్తు లేపుకోవాలో ఒకనాడు కులమే నిర్ణయించింది. ఇవాళ కులం ఆ మాట బాహాటంగా అనడం లేదు. కాని మే నెల వచ్చిందంటే ఆ పాత నిర్ణయం ఇంకా మన నెత్తి మీదనే ఉన్నదని తెలిసిపోతుంది.

ఈ వ్యాసంలో మేము పాత నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల దళితవాడల ఇండ్ల గురించి మాట్లాడుతున్నాం. 2016 అక్టోబరులో ఈ రెండు జిల్లాలు ముక్కలై సూర్యాపేట, యాదాద్రి భువనగిరి, నాగర్‌కర్నూల్, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడ్డాయి. 2019లో నారాయణపేట వేరైంది. జిల్లాలు మారినా ఎండ మారలేదు. జనం నోట్లో ఇప్పటికీ నల్లగొండ, పాలమూరు అన్న మాటలే ఉన్నాయి కనుక మేము కూడా అవే వాడుతున్నాం.

పాత ఇండ్లలోకి వేడి రాకుండా ఆపడం ఎట్లా అన్నది ఇంజనీర్ల ప్రశ్న అని మన చదువుకున్నవాళ్లు అనుకుంటారు. అది ముందుగా చరిత్ర ప్రశ్న అని మా వాదన. ఏ ఇల్లు చల్లగా ఉండాలి, ఏ ఇల్లు ఉడకాలి అన్నది ఒక్క వాతావరణమే తేల్చలేదు. భూమి, వెట్టి, అంటరానితనం, ఆ తర్వాత వచ్చిన సర్కారు పథకాలు అన్నీ కలిసి తేల్చాయి.

నెత్తి మీది పొద్దు

ముందు ఎండ సంగతి. నల్లగొండ, మహబూబ్‌నగర్ రెండూ దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. అంటే ప్రతి ఏడాదీ మే నెల మొదటి పదిరోజుల్లో మధ్యాహ్నపు సూర్యుడు సరిగ్గా నడినెత్తి మీదికి వస్తాడు. అప్పుడు గోడల మీద ఎండ పొద్దున కొంత, సాయంత్రం కొంత పడుతుంది. నడిపొద్దు ఎండంతా కప్పు మీదనే పడుతుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయని పెద్దలన్నది ఉత్త మాట కాదు. ఆ కార్తె వచ్చేసరికి కప్పులు అప్పటికే నెల రోజులుగా కాలుతుంటాయి.

నేల కూడా అటువంటిదే. ఈ రెండు జిల్లాలూ ఎక్కువ భాగం నల్లరాతి మీద, ఎర్ర చెలక మీద ఉన్నాయి. చుట్టూ గుట్టలు, దక్షిణాన కృష్ణ లోయ. పగలంతా కాగిన బండ రాత్రి కూడా సెగ వదులుతూనే ఉంటుంది. ఊరికి నీడనిచ్చే చింతతోపు, చెరువుకట్ట మీది చెట్లు ఊరివైపు ఉంటాయి. ఎస్సీ కాలనీకి ఇచ్చిన భూమి చాలా ఊళ్లలో గుట్ట పక్కన సర్కారు భూమి, చెట్టు మొలవని రాళ్ల నేల. అంటే ఇంటికి కప్పు పడక ముందే ఆ ఇంటి వేడి సగం నిర్ణయమైపోయింది.

ఈ నేల మీద ఇంటిని చల్లగా ఉంచాలంటే కప్పే కీలకం. ఈ సంగతి ఎవరికీ తెలియనిది కాదు. తెలిసినవాళ్లు ఎవరికోసం కట్టారన్నదే అసలు ప్రశ్న.

గడీ చల్లదనం, గడీ కట్టిన చేతులు

వేడిని ఆపడానికి మన ఊళ్లలో పాత కాలం నుంచి మూడు ఉపాయాలున్నాయి. ఒకటి మందం. అడుగున్నర, రెండడుగుల మట్టిగోడ మీద మధ్యాహ్నం పడిన వేడి లోపలికి చేరేసరికి నడిరాత్రి అవుతుంది. అప్పటికి బయటి గాలి చల్లబడి ఉంటుంది. రెండోది కప్పుకూ మనిషికీ నడుమ ఖాళీ. మూడోది సున్నపు తెలుపు, సాయబాను నీడ.

భవంతి ఇంట్లో ఈ మూడూ ఉన్నాయి. నడుమ వాకిలి తెరిచి ఉంటుంది, వేడిగాలి పైకి పోతుంది. చుట్టూ సాయబాన్లు, ఎండ గోడకు తగలదు. అర్రల మీద అటుక ఉంటుంది. దూలాల మీద చెక్కలు పరిచి వాటి మీద మట్టి వేసి తొక్కిస్తారు. ఆ పైన గూన పెంకులు. పెంకు కాలినా ఆ సెగ అటుక దగ్గరనే ఆగిపోతుంది. ఇవాళ ఇంజనీర్లు ఉష్ణ నిరోధం అని చెప్పేది ఇదే. కృష్ణ, తుంగభద్రల నడుమ ఉన్న నడిగడ్డలో, అంటే గద్వాల, ఆలంపూరు దిక్కు, కట్టెల మీద చవుడు మట్టి వేసిన మిద్దెలుండేవి. వాన పడితే భయం కాని ఎండకు అవి మంచివి. దొరల గడీల సంగతి చెప్పనక్కరలేదు. డంగు సున్నం, రాతిగోడలు, ఎత్తైన కప్పులు. మిట్టమధ్యాహ్నం కూడా లోపల చెమట పట్టదు.

ఇవన్నీ ఎవరు కట్టారు? రాయి కొట్టింది వడ్డెరలు. మట్టి పని ఉప్పరోళ్లది. పెంకు చేసింది కుమ్మరి. దూలం చెక్కింది వడ్లాయన. మట్టి, సున్నం, నీళ్లు మోసింది మాల మాదిగ ఆడామగ. అందులో ఎంతో భాగం కూలి లేని వెట్టి. విసునూరు రామచంద్రారెడ్డి, జన్నారెడ్డి ప్రతాపరెడ్డి వంటి దేశ్‌ముఖుల కాలంలో నల్లగొండ జిల్లా వెట్టికి పేరుమోసింది. 1946 నుంచి 1951 దాకా నడిచిన సాయుధ పోరాటం ఆ వెట్టి మీదా, ఆ భూముల మీదా లేచింది. ఆ పోరాట చరిత్రలో భూమి ఎకరాల లెక్క ఉన్నది, వెట్టి రకాల లెక్క ఉన్నది. వెట్టి చేసినవాళ్ల ఇండ్ల లెక్క మాత్రం ఎవరూ రాయలేదు. ఉస్మానియా విశ్వవిద్యాలయం బృందంతో శామీర్‌పేటలో పనిచేసిన ఎస్.సి. దూబే 1955లో అచ్చయిన తన పుస్తకంలో తెలంగాణ పల్లె ఇండ్లను పట్టించుకుని వర్ణించాడు. ఆ దారిలో మన చరిత్రకారులు ముందుకు పోలేదు.

కనుక ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. ఇంటిని చల్లగా కట్టే తెలివి పనిచేసే కులాలది. ఆ చల్లదనంలో పడుకునే హక్కు మాత్రం వాళ్లది కాలేదు.

నీడ మీద నిషేధం

అంబేడ్కర్ అంటరానివాళ్ల ఊరి జీవితం గురించి ఇంగ్లీషులో రాసి, ఆయన పోయిన తర్వాత అచ్చయిన రచనల్లో, సవర్ణులు అంటరానివాళ్ల మీద పెట్టిన కట్టుబాట్ల జాబితా ఒకటి ఇచ్చాడు. వాడ ఊరికి దూరంగా ఉండాలి. నాలుగు దిక్కుల్లో అశుభమనుకునే దక్షిణ దిక్కున ఉండాలి. భూమి, గొడ్లు సంపాదించడం తప్పు. పెంకుటిల్లు కట్టుకోవడం కూడా తప్పు. ఈ చివరిది చదివినప్పుడు మేము చాలాసేపు ఆగిపోయాం. మా తాతల గుడిసెలు గుర్తొచ్చాయి. అవి పేదరికం వల్లనే గుడిసెలని అన్ని రోజులూ అనుకున్నాం.

1930 డిసెంబరులో మద్రాసు రాష్ట్రం రామనాథపురం జిల్లాలో కళ్లర్లు ఆదిద్రావిడుల మీద ఎనిమిది నిషేధాలు పెట్టారు. 1931 జనాభా లెక్కల కమిషనర్ జె.హెచ్. హటన్ తన నివేదికలో వీటిని చేర్చాడు. నగలు పెట్టుకోవద్దు, మోకాళ్ల కిందికి బట్ట కట్టొద్దు అన్న వాటితో పాటు, ఎండకూ వానకూ గొడుగు పట్టొద్దు, చెప్పులు తొడగొద్దు అన్నది కూడా అందులో ఉన్నది. పైనుంచి కాలే ఎండ, కిందినుంచి కాలే నేల, రెండింటి నుంచీ తప్పించుకునే హక్కు లేదన్నమాట. గొడుగును, చెప్పును, పెంకును పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి అర్థమవుతుంది. నీడ కూడా కులం ఆస్తే.

మా జిల్లాల్లో ఈ కట్టుబాటు కాగితం మీద రాసి లేదు. అవసరం కూడా పడలేదు. ఇంటి జాగాకు పట్టా లేదు. దొర లెమ్మంటే లేవాలి. రేపు లేచిపోవలసిన జాగాలో రెండడుగుల గోడ ఎవడు పెడతాడు? దూలానికి చెట్టు కొట్టాలంటే చెట్టు మనది కాదు. పెంకుకు కుమ్మరికి ధాన్యం కొలవాలంటే గింజలు లేవు. అన్నీ కూడబెట్టి ఎవరన్నా గుమ్మం ఎత్తు పెంచి, ముందర అరుగు వేస్తే, ఆ అరుగు మీద కూర్చున్నప్పుడు దొర పోతే లేచి నిలబడాలి. లేచి నిలబడవలసిన అరుగు ఎందుకని చాలామంది వేసుకోనే లేదు. ఈ సంగతులు వాడల్లో ముసలివాళ్లు మామూలుగా చెప్తారు. వాళ్లకు ఇవి చరిత్ర అనిపించదు. మనం చరిత్రగా రాయకపోవడం వల్లనే వాళ్లకు అట్లా అనిపిస్తున్నది.

గుడిసె గురించి నిజం మాట్లాడదాం

ఈ మధ్య పర్యావరణం గురించి మాట్లాడేవాళ్లు మట్టిగోడను, గడ్డికప్పును మెచ్చుకుంటున్నారు. గుడిసె చల్లగా ఉంటుంది, సిమెంటు వేడి అంటున్నారు. వేడి వరకు చూస్తే ఆ మాట నిజమే. జానెడు మందం బోదగడ్డి, తాటికమ్మ కప్పు ఎండను బాగా ఆపుతుంది. గడ్డిలో ఇరుక్కున్న గాలే అందుకు కారణం.

కాని గుడిసెలో బతికినవాళ్లను అడగాలి. నడుం వంచి దూరాలి. కిటికీ ఉండదు, పొగ పోదు. పాములు, తేళ్లు. ఏటా కాకపోతే రెండేండ్లకొకసారి కప్పు మార్చాలి. వానాకాలం గోడ ఎప్పుడు కూలుతుందో తెలియదు. అన్నిటికన్నా అగ్గి. ఎండాకాలం ఒక పొయ్యి రవ్వ లేస్తే వాడంతా బూడిద. అది ప్రమాదం వరకే కాదు. 1968 డిసెంబరు 25 రాత్రి తంజావూరు జిల్లా కీళ్వెణ్మణిలో కూలి పెంచమన్న దళితుల మీద భూస్వాములు దాడి చేస్తే, ఒక గుడిసెలో తలదాచుకున్న 44 మంది ఆ గుడిసెతో పాటు కాలిపోయారు. ఎక్కువమంది ఆడవాళ్లు, పిల్లలు. మనకు గడ్డికప్పు అంటే చల్లదనం ఒక్కటే కాదు, ఎవడైనా అంటించగల కప్పు.

అందుకని గుడిసెను పొగిడే మాటలు మేము ఒప్పుకోము. మట్టి ఇంటిలో ఉన్న తెలివిని తీసుకుంటాం. మళ్లీ గడ్డి కిందికి పొమ్మంటే పోము.

స్లాబు వచ్చింది

వాడకు స్లాబు రావడం చిన్న మార్పు కాదు. ఆంధ్రప్రదేశ్ గృహనిర్మాణ సంస్థ 1979లో ఏర్పడింది. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం వచ్చాక పక్కా ఇండ్ల కార్యక్రమం ఊపందుకుంది. 1985–86లో కేంద్రం ఇందిరా ఆవాస్ యోజన మొదలుపెట్టింది. మొదట అది షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెట్టి నుంచి విడుదలైనవాళ్ల కోసమే. 1993–94లో ఇతర పేదలకూ విస్తరించింది, 1996 జనవరి 1 నుంచి విడి పథకమైంది. ఇల్లు 20 చదరపు మీటర్లు. 2006లో ఇందిరమ్మ పథకం వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక 560 చదరపు అడుగుల డబుల్ బెడ్‌రూం ఇండ్లు, 2024 మార్చి నుంచి అయిదు లక్షల రూపాయల ఇందిరమ్మ ఇండ్లు.

మొదటిసారి మనవాళ్లు తల వంచకుండా తమ ఇంట్లోకి నడిచారు. అగ్గి భయం పోయింది. పట్టా చేతికొచ్చింది. మా అవ్వలు స్లాబు పడిన రోజు పండుగ చేసుకున్నారు. ఆ గౌరవాన్ని తక్కువ చేయడానికి మేము ఈ వ్యాసం రాయడం లేదు.

కాని ఆ ఇల్లు ఎట్లా తయారైంది? నాలుగంగుళాల స్లాబు, పలుచని ఇటుక లేదా సిమెంటు ఇటుక గోడ. ఎత్తు తక్కువ. ఎదురెదురు కిటికీలకు జాగా లేదు. అటుక లేదు, సాయబాను లేదు. నాలుగంగుళాల స్లాబు మీద పడ్డ వేడి మూడు గంటల్లో లోపలికి దిగుతుంది. పన్నెండు గంటల ఎండ మూడింటికి ఇంట్లో ఉంటుంది. పొద్దుగూకినంక కూడా స్లాబు కాగిన పెనం లెక్క అర్ధరాత్రి దాకా కిందికి సెగ వదులుతూనే ఉంటుంది. మగవాళ్లు వీధిలో మంచం వేసుకుంటారు, స్లాబెక్కి పండుకుంటారు. ఆడపిల్లలు, బాలింతలు, లేవలేని ముసలివాళ్లు లోపలే ఉండాలి. వేడి ఇంట్లో కూడా ఆడవాళ్ల వాటా వేరే.

దీనికి మేస్త్రీని అనడానికి లేదు. పథకంలో డబ్బు బిల్లుల రూపంలో వస్తుంది: పునాదికి ఒక బిల్లు, గోడలకు ఒక బిల్లు, స్లాబుకు ఒక బిల్లు, అంతా అయినంక ఒక బిల్లు. ఇల్లు నిలబడిందా అని కొలవడానికి ఇంజనీరు వస్తాడు. లోపల మనిషి పండుకోగలడా అని కొలవడానికి ఎవరూ రారు. దానికి బిల్లు లేదు. సర్కారు పక్కా అన్న మాటకు అర్థం కప్పు గట్టితనమే. కప్పు కింది వేడి ఆ అర్థంలోకి రాలేదు.

ఇక రేకులు. 20 చదరపు మీటర్లలో కాపురం పెట్టినవాళ్లకు పిల్లలు పుట్టారు, పెండ్లిండ్లు అయ్యాయి. ఇంటి పక్కన, ఇంటి ముందర సిమెంటు రేకుల షెడ్లు లేచాయి. స్లాబు బిల్లు అందనివాళ్లు అసలు ఇల్లే రేకులతో కప్పుకున్నారు. ఆరు మిల్లీమీటర్ల రేకుకు మందం లేదు, ఖాళీ లేదు. ఎండ తగిలిన నిమిషాల్లోనే లోపలికి సెగ. ఈ రేకుల్లో ఉండే ఆస్బెస్టాస్ నార ఊపిరితిత్తులకు క్యాన్సర్ తెస్తుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది. మన దేశంలో దాన్ని తవ్వడం ఆగింది కాని విదేశాల నుంచి తెచ్చి రేకులు చేయడం ఆగలేదు.

ఇందులో ఇంకో బాధ ఉన్నది. పాలమూరు లేబరు అంటే దేశమంతా తెలుసు. నాగార్జునసాగర్ నుంచి శ్రీశైలం దాకా ఆనకట్టలకు రాయి, సిమెంటు ఎత్తినవాళ్లు, హైదరాబాదు అద్దాల మేడలకు స్లాబులు పోసినవాళ్లు. ఆ మేడల్లో పగలంతా చల్లగాలి మిషన్లు తిరుగుతుంటాయి. పోసినవాళ్లు పండుగకు ఇంటికొచ్చి రేకుల కింద పండుకుంటారు. గడీ కాలానికీ ఈ కాలానికీ నడుమ సిమెంటు వచ్చింది కాని లెక్క మారలేదు.

లెక్కకు రాని చావులు

2015 మే నెలలో రెండు తెలుగు రాష్ట్రాల్లో కలిపి వడగాడ్పులకు పదిహేను వందల మందికి పైగా చనిపోయారని సర్కారు లెక్కలే చెప్పాయి. వడదెబ్బ చావు అని రాయాలంటే మండలంలో తహసీల్దారు, డాక్టరు, పోలీసు అధికారి కలిసి తేల్చాలి. ఎండలో పడిపోయిన ఉపాధి కూలీని తేల్చడం కొంత సులభం. రేకుల కింద మంచంలో రాత్రి ప్రాణం పోయిన ముసలామెను ఎవరు తేలుస్తారు? ఆ మే నెలలో మా వాడలో ఒక అవ్వ అట్లానే పోయింది. ఇంట్లో ఉన్న మనిషికి వడదెబ్బ ఎట్లా తగులుతుందని అడిగారు. ఆమె కొడుకు దగ్గర జవాబు లేదు. జవాబు ఆ రేకులోనే ఉన్నది. ఒంటి గంటకు చెయ్యి పెడితే కాలింది.

ఈ ప్రశ్నకు అహ్మదాబాదులో ఒక దారి దొరికింది. అక్కడ 2010 మే వడగాడ్పుల తర్వాత పరిశోధకులు ఆ నెలలో అన్ని కారణాలతో జరిగిన చావులను దానికి ముందటి ఏడాది, తర్వాతి ఏడాది మే నెల చావుల సగటుతో పోల్చి చూశారు. 1,344 చావులు ఎక్కువ వచ్చాయి. వీధిలో పోయినవాళ్లు, ఇంట్లో పోయినవాళ్లు అందరూ ఆ లెక్కలోకి వచ్చారు. 2013లో ఆ నగరం దేశంలో మొదటి వడగాడ్పుల ప్రణాళిక తెచ్చింది. మన పంచాయతీల్లో చావుల రిజిష్టరు ఉంటుంది. వాడల వారీగా మే నెల చావులను తీసి చూస్తే మనకూ నిజం తెలుస్తుంది. 2025 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం వడగాడ్పులను రాష్ట్ర విపత్తుగా గుర్తించి, చనిపోయినవాళ్ల కుటుంబానికి నాలుగు లక్షలు ఇస్తామన్నది. మంచిదే. కాని ఇంటి లోపలి చావు లెక్కకు రాకపోతే ఆ నాలుగు లక్షలు వాడ దాకా రావు.

నల్లగొండకు ఇంకో లెక్క కూడా ఉన్నది. వేడి ఇంట్లో మనిషి ఎక్కువ నీళ్లు తాగుతాడు. ఫ్లోరైడు నీళ్లున్న ఊళ్లలో ఎక్కువ నీళ్లంటే ఎక్కువ ఫ్లోరైడు. మన జిల్లా ఎముకలు వంగిపోయిన చరిత్రలో కూడా ఎండకు వాటా ఉన్నది.

ఉన్న ఇంటిని ఏం చేయవచ్చు

ఇండ్లన్నీ కూలగొట్టి మళ్లీ కట్టలేం. ఉన్న ఇంటినే బాగుచేసుకోవాలి. కొన్ని పనులు మన చేతిలోనే ఉన్నాయి. కార్యకర్తలకు పనికొస్తాయని వివరంగా చెప్తున్నాం.

స్లాబుకు మొదటి మందు తెలుపు. పాత సిమెంటు కప్పు పడ్డ ఎండలో ఎక్కువ భాగం మింగేస్తుంది. తాజా సున్నం పూత సగానికి పైగా తిప్పికొడుతుంది. ముందు పగుళ్లు పూడ్చాలి. నాచు, దుమ్ము గీకి కడగాలి. ఆ తర్వాత బంక కలిపిన సున్నం ఒకసారి నిలువుగా, ఆరినంక ఒకసారి అడ్డంగా పూయాలి. ఉగాదికి ముందే అయిపోవాలి. వానకు కొట్టుకుపోతుంది కనుక ఏటా వేయాలి. డబ్బున్నచోట తెల్ల పెంకు ముక్కలు సున్నంలో అతికితే ఏండ్లపాటు నిలుస్తుంది.

స్లాబు మీద మట్టి పోస్తే చల్లగుంటది కదా అని కొందరు అడుగుతారు. పోయొద్దు. 20 చదరపు మీటర్ల కప్పు మీద నాలుగంగుళాల మట్టి వానకు తడిస్తే మూడున్నర టన్నుల బరువు. పథకం ఇంటి స్లాబును ఆ బరువుకు వేయలేదు. నీళ్లు నిలిచి చువ్వలు తుప్పు పడతాయి. దాని బదులు కప్పు మీద గుంజలు నిలిపి తాటికమ్మల పందిరి వేయవచ్చు, పొయ్యికి దూరంగా. సొర, బీర తీగ ఎక్కిస్తే ఇంకా మంచిది. ఎండ ఆకు మీద పడుతుంది, స్లాబు మీద పడదు.

రేకుల ఇంటికి తెలుపు ఒక్కటే చాలదు. రేకుకు జానెడు కింద తడకనో, ఈతచాపనో కట్టాలి. అదే మన అటుక. ఆ ఖాళీలో చేరిన వేడిగాలి పోవడానికి రెండు వైపులా గోడ పైన కంతలు ఉండాలి. సిమెంటు రేకుకు రంధ్రాలు చేయవద్దు, గీకవద్దు, కోయవద్దు. విరిగినదాన్ని తీయవలసి వస్తే తడిపి తీయాలి, దుమ్ము లేవనీయవద్దు. పడమటి గోడకు సాయంత్రపు ఎండ తగులుతుంది కనుక అటువైపు వేపనో కానుగనో నాటాలి.

ఇవన్నీ చేస్తే ఇల్లు గడీ అవుతుందని కాదు. 2017లో హైదరాబాదు దేవరకొండ బస్తీలో, ఆ పేరులోనే మా నల్లగొండ జిల్లా ఊరున్నది, 25 పేద ఇండ్ల కప్పుల మీద తెల్లని పొర పరిచి కొలిచారు. మామూలు ఇండ్ల కన్నా లోపల సగటున రెండు డిగ్రీలు తగ్గింది. రెండు డిగ్రీలేనా అనిపించవచ్చు. రాత్రి నిద్రపట్టడానికీ పట్టకపోవడానికీ, బీపీ ఉన్న ముసలమ్మ తెల్లవారి లేవడానికీ లేవకపోవడానికీ నడుమ తేడా ఆ రెండు డిగ్రీలే కావచ్చు.

అయిదో బిల్లు

2023 ఏప్రిల్‌లో తెలంగాణ ప్రభుత్వం కూల్ రూఫ్ విధానం తెచ్చింది. దేశంలో ఇట్లాంటి విధానాల్లో ఇది ముందువరుసలో ఉన్నది. అయిదేండ్లలో 300 చదరపు కిలోమీటర్ల కప్పును చల్లబరచాలని లక్ష్యం. అందులో 200 హైదరాబాదుకు, మిగతా రాష్ట్రానికంతటికీ 100. సర్కారు, వ్యాపార భవనాలకు, 600 గజాలు దాటిన ఇంటి జాగాలకు అది తప్పనిసరి. 600 గజాల లోపు ఇండ్లకు మాత్రం ఇష్టముంటే వేసుకోవచ్చు. వాడలో 600 గజాల జాగా ఎవరికున్నది? ఇష్టమన్న మాట డబ్బున్నవాళ్ల దగ్గర ఒక అర్థం, డబ్బు లేనివాళ్ల దగ్గర ఇంకో అర్థం. తెల్లకప్పుతో కరెంటు ఎంత ఆదా అవుతుందో హైదరాబాదులో ఆఫీసు భవనాల మీద కొలిచారు. అక్కడ ఆదా చేయడానికి చల్లగాలి మిషనున్నది. మా ఇండ్లలో ఆదా కావలసింది ప్రాణం.

పాత ఇండ్ల కప్పులను సర్కారు బాగుచేయడం కుదరని పనేమీ కాదు. దక్షిణాఫ్రికాలో వర్ణవివక్ష పోయాక నల్లవాళ్లకు కట్టిచ్చిన ఇండ్లకు లోకప్పు లేదు. చలికి, ఎండకు జనం అల్లాడారు. కేప్‌టౌన్ పక్కన ఖయేలిత్షా కుయాసాలో అట్లాంటి దాదాపు 2,300 పాత ఇండ్లకు వేడినీ చలినీ ఆపే లోకప్పులు వేశారు. ఆ పథకం 2005లో అంతర్జాతీయ వాతావరణ ఒప్పందం కింద నమోదై, బొగ్గు కాల్చడం తగ్గినందుకు వచ్చే డబ్బును పేదల ఇంటి కప్పుకు మళ్లించే దారి చూపింది.

మన దగ్గర చట్టం కూడా ఉన్నది. 2013లో ఉమ్మడి రాష్ట్రంలో ఎస్సీ, ఎస్టీ ఉపప్రణాళిక చట్టం వచ్చింది. తెలంగాణలో 2017 నుంచి ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టంగా అది నడుస్తున్నది. ఆ నిధి వాడకే ఖర్చు కావాలన్నది చట్టం ఉద్దేశం. కనుక మేము అడుగుతున్నది ఇది: కొత్త ఇందిరమ్మ ఇంటికి ఉన్న నాలుగు బిల్లులకు తోడు కప్పు చల్లదనానికి అయిదో బిల్లు పెట్టాలి. 1980ల నుంచి కట్టిన పాత కాలనీల్లో ప్రతి స్లాబుకూ, ప్రతి రేకుల ఇంటికీ అదే బిల్లు వర్తించాలి. ఏటా సున్నం పూసే పనిని ఉపాధి పనుల్లో చేర్చి ఆ కూలి వాడవాళ్లకే ఇవ్వాలి. రేకుల కింది చావును వడదెబ్బ చావుగా లెక్కగట్టాలి.

సున్నం మనకు కొత్త వస్తువు కాదు. మాదిగవాడలో తోలు నానబెట్టే లందల్లో తరతరాలుగా సున్నం కలిపినవాళ్లం. ఏ సున్నం ఎంత ఘాటో, ఎంత నీళ్లకు ఎంత వేయాలో వేలు పెట్టి చెప్పిన పెద్దలు మా ఇండ్లలో ఉన్నారు. గడీ గోడలకు అదే సున్నం మోసినవాళ్లం. ఇన్నేండ్లకు ఆ సున్నాన్ని మన కప్పు మీదికి ఎక్కిస్తామని అడుగుతున్నాం.

ఉపాధ్యాయులకు, విద్యార్థులకు ఒక మాట. ఈ ఎండాకాలం మీ వాడకు ఒక థర్మామీటరు తీసుకుపోండి. ఒక గుడిసెలో, ఒక రేకుల ఇంట్లో, ఒక స్లాబు ఇంట్లో, వీలైతే ఊళ్లో ఒక భవంతిలో మధ్యాహ్నం రెండింటికి, రాత్రి తొమ్మిదింటికి కొలిచి రాసుకోండి. ఆ ఇంటి కప్పు ఎప్పుడు ఎవరు వేశారో, అంతకు ముందు ఏముండేదో ఆ ఇంటి పెద్దమనిషిని అడిగి రాయండి. ఆ కాగితాలు కలెక్టరు ముందర పెట్టడానికి పనికొస్తాయి. మన చరిత్ర రాయడానికి కూడా పనికొస్తాయి.